జూన్ నెల గోవింద్ సాగర్

మా ఆయనది భీమిలి. సముద్రం ఒడ్డున పుట్టి ఢిల్లీ ఆర్.కె. పురం సర్కారీ క్వార్టర్లో వచ్చిపడ్డ మనిషి ఎలా ఉంటాడో చూడాలంటే తొంభైల్లో మా ఇంటికి రావలసింది. పంపులో నీళ్ళు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వచ్చేవి. నేను బకెట్లు నింపుకోలేక సణుగుతుంటే, ఆయన వంటింటి గోడకున్న క్యాలెండరు ముందు నిలబడి ఉండేవారు.

జనవరి వచ్చిందంటే ఢిల్లీ ఆఫీసుల్లో అందరూ క్యాలెండర్ల వేటలో పడేవారు. ఎంబసీ క్యాలెండరు దొరికితే ఆ ఇంటి గోడకి పరువొచ్చినట్టే. మంత్రిత్వ శాఖలో స్టెనోగా పనిచేసే మా ఆయన ఆ ఏడు ఎవరిని బతిమాలారో గానీ, నార్వే వాళ్ళది పట్టుకొచ్చారు. అందులో ఒక బొమ్మ ఉంది. మంచు కొండల సందుల్లోకి సముద్రం చొచ్చుకొచ్చింది. నీళ్ళ అంచునే రోడ్డు, దాని మీద చీమంత మోటార్ సైకిల్. అలాంటి చోటుని ఫియర్డ్ అంటారని చెప్పి, "మా విశాఖ నుంచి భీమిలి రోడ్డుకి మంచు కొండలు అతికిస్తే ఇదేనోయ్" అన్నారు. ఏడాది అయిపోయినా ఆ క్యాలెండరు దింపనివ్వలేదు.

క్వార్టర్స్‌లో అందరికీ స్కూటర్లుంటే ఆయనకి మోటార్ సైకిల్ ఉండేది. పెళ్ళికి ముందు కరోల్ బాగ్‌లో కొన్న పాత బండి. మెట్ల కింద దాన్ని తుడుస్తున్నంతసేపూ ఆ ముఖంలో ఉండే కళ నన్ను చూసినప్పుడు ఉండేది కాదు. ఈ మాట ఆయన ముందే అనేదాన్ని, నవ్వేవారు.

పెళ్ళయిన కొన్నేళ్ళకి ఆయనకి చీకటి పడితే తడుముకోవడం మొదలైంది. రేచీకటి అనుకుని క్యారెట్లు, ఆకుకూరలు తెగ పెట్టాను. కళ్ళ డాక్టరు మాత్రం అది తిండితో పోయే రేచీకటి కాదన్నారు. చూపు పక్కల నుంచి మూసుకుపోతూ వస్తోందట. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కన ఏనుగున్నా తెలియదు. ఇది తగ్గేది కాదు, బండి ఎంత తొందరగా మానేస్తే అంత మంచిదన్నారు. తిరుగు దారిలో బస్టాపులో మా ఆయన ఒకే ఒక్క మాటన్నారు.

"మానేస్తానోయ్. కానీ ఒక్కసారి నీళ్ళ పక్కన పెద్ద రోడ్డు మీద నడిపి మానేస్తా."

నార్వే మనకెక్కడ! మా పైక్వార్టరు ఆంటీవాళ్ళు ఒక దసరా సెలవుల్లో బస్సులో మనాలి వెళ్ళారు. దారిలో బిలాస్‌పూర్ దగ్గర గోవింద్ సాగర్ అని, సట్లెజ్ మీద ఆనకట్ట వెనక నిలిచిన పెద్ద జలాశయం ఉందని ఆవిడే చెప్పారు. "నీళ్ళంటే నీళ్ళా! కిటికీలోంచి చెయ్యి పెడితే తగుల్తాయేమో అనిపించింది" అంటూ ఫోటో చూపించారు. కొండలు, మధ్యన నీలంగా నీళ్ళు, పక్కన రోడ్డు. మా ఆయన ఆ ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఎల్పోదాం" అన్నారు.

సెలవు పెట్టింది జూన్‌లో. క్వార్టర్స్‌లో తెలుగు వాళ్ళందరూ సెలవు పెట్టేది అప్పుడే. పిల్లలకి బళ్ళుండవు, ఆఫీసు ఖాళీ, అడిగిన వెంటనే ఇస్తారు. కొండలంటే వేసవికే కదా అన్న తెలివి ఒకటి. ఆయన సముద్రం పక్కన పుట్టిన మనిషి, అంతంత నీళ్ళు ఎండలకి తగ్గుతాయన్న ఊహే రాదు. మరి నా బుద్ధి ఏమైంది? మాది తెనాలి పక్క పల్లె. వేసవి రాగానే కాలవలు కట్టేస్తే అడుగున బురదలో చేపలు పట్టుకుంటూ పెరిగిన దాన్ని. నాకూ తట్టలేదు.

బయల్దేరిన రోజు నేను సల్వార్ కమీజ్ వేసుకుని అటొక కాలు, ఇటొక కాలు వేసి కూర్చుంటే పైనుంచి ఆంటీ చూసి, "అమ్మాయ్, పోలీసుల్లో చేరావా ఏంటి?" అని నవ్వారు. ఆవిడకేం తెలుసు. ఒకవైపుకి కూర్చుంటే రెండో పక్క ఎవరు చూస్తారు? మేం చేసుకున్న ఏర్పాటు అది. ఎడమ పక్కన ఏదైనా వస్తుంటే ఎడమ భుజం మీద తట్టాలి, కుడి పక్కన అయితే కుడి భుజం మీద. ఆపమనాలంటే వీపు మధ్యలో. ఎదురుగా ఉన్నది ఆయన చూసుకుంటారు, పక్కలు నేను చూస్తాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడు మాత్రం మా ఇద్దరినీ కలిపితే ఒక మంచి డ్రైవరని నమ్మాం.

బాగా వెలుగొచ్చాకే బయల్దేరి, పొద్దు వాలకముందే ఆగిపోయాం. రాత్రి కీరత్‌పూర్‌లో గురుద్వారా వాళ్ళ సత్రంలో పడుకున్నాం. మర్నాడు ఘాట్ రోడ్డు. మలుపు మలుపుకీ లారీలు. నేను తట్టీ తట్టీ చేతులు పడిపోయాయి. ఆ కొండలెలా ఉంటాయని అడిగితే ఈ రోజుకీ చెప్పలేను. నేను చూసిందల్లా లారీ చక్రాలే.

బిలాస్‌పూర్‌లో టీ కొట్టు దగ్గర, ఆంటీ చెప్పిన చోటు ఇదేననిపించి, వీపు మీద తట్టాను. బండి ఆపి కిందికి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"నీళ్ళెక్కడోయ్? నాకేటీ కనబడ్డం లేదు."

కింద నీళ్ళు లేవు. పచ్చిక మేస్తున్న గేదెలు, బీటలు తీసిన మట్టి, ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన ఊరి పాత గుళ్ళు కొన్ని పక్కకి ఒరిగి నిలబడి ఉన్నాయి. ఎక్కడో దూరంగా సట్లెజ్ ఒక పాయ.

"లేవండీ. నాకూ కనబడ్డం లేదు."

"నిజమేనా? నన్ను ఊరుకోబెట్టడానికి అనడం లేదు కదా?"

"మీ మీద ఒట్టు. ఒక్క చుక్క లేదు."

ఆయన ఒక్కసారిగా నవ్వేశారు. ఏడుపొచ్చింది నాకే. "జూన్ మే పానీ కహాఁ, భయ్యా?" అన్నాడు టీ కొట్టతను. వానలయ్యాక రమ్మని, అప్పుడు ఇక్కడిదాకా నిండిపోతుందని చేత్తో చూపించాడు. ఆంటీని తిట్టుకున్నాను, సెలవిచ్చిన ఆఫీసుని తిట్టుకున్నాను. ఇంత దూరం, ఇంత భయం, ఈ మట్టి కోసమా?

నేను టీ తాగుతూ ఉండగానే ఆయన బండి వేసుకుని దిగుడు దారిలో కిందికి వెళ్ళిపోయారు. ఆగండని గట్టిగా అరిచాను. కానీ అక్కడ తగలడానికి ఏముంది? గేదెలు ఓ పక్కన ఉండిపోయాయి. మిగిలిందంతా చాప పరిచినట్టున్న నేల. ఆయన బండి వేగం పెంచారు. నేను ఎప్పుడూ చూడనంత వేగం. గుండ్రంగా తిప్పారు, ఎదురెండలో దుమ్ము లేపుకుంటూ గుళ్ళ దాకా వెళ్ళి వచ్చారు. రెండు కాళ్ళూ గాల్లోకి చాపి "హైలెస్సా" అని అరిచారు. మా గుమ్మంలో గడప తగిలి తూలే మనిషి ఆయనేనంటే ఎవరూ నమ్మరు. గట్టు కిందకి వచ్చి ఆగి పిలిచారు.

"రావోయ్, ఎక్కు! ఇక్కడ నువ్వు తట్టక్కర్లేదు. ఊరికే కూర్చుని చూడు."

నేను చున్నీ తల మీద కప్పుకుని కూర్చున్న చోటి నుంచి లేవలేదు. చేతులు నొప్పి, ఎండ, కోపం. "మట్టిలో ఏం చూడను? నీళ్ళొచ్చాక వద్దాం, అప్పుడు ఎక్కుతాలెండి" అన్నాను. ఆయన ఇంకోసారి అడగలేదు. ఒక్కరే మరికాసేపు తిప్పుకుని పైకొచ్చారు. చొక్కా నిండా దుమ్ము, ముఖం వెలిగిపోతోంది.

వానలు పడుతుండగానే ఒక ఉదయం ఆఫీసుకి వెళ్తూ కూరల బండిని గుద్దారు. ఎవరికీ ఏం కాలేదు, వంకాయలు రోడ్డంతా దొర్లాయి. బండి తోసుకుంటూ ఇంటికొచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇంక చాలోయ్" అన్నారు. అక్టోబరు నాటికి బండి ఎవరికో అమ్మేశాం.

తర్వాత కొన్నేళ్ళకి దసరా సెలవుల్లో బస్సులో వెళ్ళాం. నన్ను కిటికీ పక్కన కూర్చోమన్నారు. అప్పటికి ఆయన చూపు అరచేయంత మేర మిగిలింది. బిలాస్‌పూర్ వచ్చింది. ఆంటీ అబద్ధమాడలేదు. కొండ నుంచి కొండ దాకా నీళ్ళు, గుళ్ళు లేవు, గేదెలు మేసిన నేల లేదు, ఆయన చుట్లు కొట్టిన చోటు ఎక్కడో ఆనవాలు కూడా లేదు. బొమ్మలో చూసినట్టే ఉంది, ఇంకా బాగుంది. ఇంత అందాన్ని చూస్తూ నాకు కావలసిందల్లా ఆ మట్టి. ఒక్కసారి ఈ నీళ్ళన్నీ తీసేస్తే, ఆయన కిందనుంచి పిలిస్తే, చేతులు విరిగిపోతున్నా సరే పరుగెత్తుకెళ్ళి వెనక కూర్చుంటాను.

"ఏటోయ్, మాటాడవు? నిండుగా ఉన్నాయా?" అన్నారు.

"నిండుగా ఉన్నాయండీ" అన్నాను.

"హమ్మయ్య. చూడు, నువ్వు బాగా చూడు" అని నా భుజం మీద తట్టారు.