కుడివైపు జేబు

మా నాన్నకు ఎడమ రొమ్ములో పేస్‌మేకర్ పెట్టినప్పుడు డాక్టరు గట్టిగా చెప్పింది ఒకటే: ఫోను ఆ పక్క జేబులో పెట్టుకోవద్దని. చొక్కాకు ఉన్న ఒక్క జేబూ ఎడమవైపే అయితే ఏం చేస్తాడు పాపం! పైగా ఊరి రాజకీయాల మనిషి, ఫోను లేకపోతే ఊపిరాడదు. “ఇన్నేళ్లుగా ఆడనేగా ఉంది, ఏమైంది?” అంటూ మళ్లీ అందులోకే తోసేవాడు. అమ్మ అరిచి అరిచి అలిసిపోయింది.

నేను నరసరావుపేటలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పత్తి తీసేశాక చేలో తగలబెట్టే కట్టెను గాలి తగలకుండా కాల్చి, ఆ బొగ్గుపొడిని గంజితో నూలుగుడ్డకు పట్టించి, ఫోను తరంగాలను అడ్డుకునే గుడ్డ తయారుచేయడం నా పరిశోధన. రాగిరేకు ఆపినంత బాగా ఆపదు, నిజమే. కానీ గనులు తవ్వక్కర్లేదు, పారేస్తే మట్టిలో కలుస్తుంది. అదే నా మురిపెం.

ఓ ఆదివారం ఆ గుడ్డ ఇంటికి తీసుకెళ్లి, నాన్న ఫోనును మడతలు మడతలుగా చుట్టి రింగ్ చేశాను. అసలే మా ఊళ్లో సిగ్నల్ అంతంతమాత్రం, అందుబాటులో లేదంది. ఒకవైపే కప్పితే మోగింది. “దీన్ని నమ్ముకోవద్దు, డాక్టరు మాటే మాట” అని అమ్మకు మరీ మరీ చెప్పి, మిగిలిన గుడ్డ అక్కడే వదిలి వచ్చాను.

వారం తిరక్కుండానే నాన్న ఎవరి ఫోనునుంచో చేసి ఒంటికాలి మీద లేచాడు. అమ్మ ఆయన చొక్కాల జేబులన్నీ విప్పి కుడివైపు కుట్టిందట. అంతవరకూ మంచిదే. లోపల నా గుడ్డను రెండువైపులా మడతలు పెట్టి వేసింది. పొద్దుటినుంచి ఒక్క ఫోనూ రాలేదు. ఎన్నికల ముందు మా దగ్గర నాయకుడి ఫోను కలవకపోతే ఒకటే అర్థం, పార్టీ మారాడని. మధ్యాహ్నానికల్లా ఊరంతా గుప్పుమంది.

“కొంప ముంచిందే మీ అమ్మ!”

సాయంత్రం బస్సెక్కి వెళ్లాను. “ఏందమ్మా ఇది? రెండువైపులా వేస్తే మోగదని చూశావుగా?”

“చూశాను గాబట్టే కుట్టా” అంది అమ్మ. “ఆపరేషన్ అయినకాడ్నించి మీ నాయన అన్నం మధ్యలో లేవకుండా తిన్నది ఇయ్యాలే. తిని కాసేపు పడుకున్నాడు కూడా. నీ తరంగాలేందో నాకు తెలవదే. అది మోగినప్పుడల్లా ఆయన రొమ్ము మీద చెయ్యేసుకోవటం మటుకు కనపడతంది. నాకు చానా భయంగా ఉంది.”

గుమ్మంలో నిలబడ్డ నాన్న అంతా విన్నాడు. లోపలికెళ్లి కత్తెర తెచ్చి అమ్మ చేతికిచ్చాడు.

“ముందువైపు గుడ్డ ఊడదియ్యవే. ఎనకది ఉండనీ.”

ఊడదీసిన ముక్కలతో అమ్మ ఓ సంచి కుట్టింది. ఇప్పుడు అన్నం వడ్డించే ముందు దాన్ని తెరిచి పట్టుకుని నిలబడుతుంది. నాన్న సణుక్కుంటూనే ఫోను అందులో వేసి, కంచం దగ్గరికి లాక్కుంటాడు.