రవ్వ కింది రేకు

ఇది మీకొక్కరికే చెబుతున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళూ గుండెల మీద కుంపటిలా మోశాను. ఇక నావల్ల కాదు.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో వరంగల్ బజారులో మాకు నగల దుకాణం ఉండేది. రవ్వలు పొదిగేవాడు ఖాసిం భాయ్. రవ్వ ఒట్టిగా ఉంటే వెలవెలబోతుంది. కింద పల్చని వెండి రేకు పరిచి, చుట్టూ లక్కతో మూస్తే, లోపలికి పోయిన వెలుతురు రేకుకు తగిలి తిరిగొస్తుంది. అప్పుడు చూడాలి దాని తళుకు! తడి దూరిందా, రేకు నల్లబడుతుంది, రవ్వ చచ్చిపోతుంది.

అందుకే, బంగారు నగలను వేడి కుంకుడు రసంలో కడిగినా, రవ్వల నగను మాత్రం పొడి బట్టతోనే తుడవమని నాన్న నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేవాడు. ఒకరోజు నగలు కడిగించుకోవడానికి తొర్రూరు నుంచి వచ్చిన ఒకావిడ బస్సు తొందరలో ఉంది. నాన్న లేడు. బద్ధకం, ఇంకేమీ కాదు. గాజులతో పాటు, ఖాసిం భాయ్ రవ్వ పొదిగిన ఆమె ముక్కుపుడకనూ ఆ రసంలో ముంచేశాను. తీశాక ధగధగలాడింది. బతికిపోయాననుకున్నాను.

కొన్నాళ్ళకు ఆమె దాన్ని తెచ్చి నాన్న ముందు పడేసింది. రవ్వ బొగ్గులా ఉంది.

"రాయి మార్చిన్రు. ఇది గాజు పెంకు!"

నాన్న ఖాసిం భాయ్‌ని పిలిపించాడు. అతను అందరి ముందే రవ్వను ఊడదీసి తుడిచాడు. తెల్లగా మెరిసింది. అసలుదే. నల్లబడింది రేకు. రవ్వ కూర్చున్న గూటిని ముక్కు దగ్గర పెట్టుకుని, నా వైపు చూశాడు.

"తమ్మీ, దీన్ని నీళ్ళల్ల గిట్ల ఏస్నవా?"

"లే భాయ్. బట్టతోనే తుడ్సిన."

గూటిని కింద పెట్టాడు. "అయితే నా లక్కనే కచ్చగున్నది సేటూ, తడి గుంజుకున్నది," అన్నాడు నాన్నతో.

"నా దుకాణం ఇజ్జత్ తీస్తివి గదయ్యా!" అని నాన్న అరిచాడు.

ఆ మాట బజారంతా పాకింది. మళ్ళీ ఎవరూ అతని చేతికి రవ్వ ఇవ్వలేదు. కాశిబుగ్గలో నూలుకు రంగులేసే పనిలో చేరాడు. ఒకసారి ఎదురుపడ్డాడు. మోచేతుల దాకా నీలం. "మంచిగున్నవా తమ్మీ?" అన్నాడు. తల దించుకుని పోయాను.

ఎందుకు చెప్పలేదు? నాన్నంటే భయమా? కాదు. దుకాణం తాళాలు త్వరలో నా చేతికిస్తానని నాన్న అప్పటికే అని ఉన్నాడు. ఛీ, ఆ తాళాల కోసం ఒక మనిషి నోటి దగ్గర కూడు లాగేశాను. అతను పోయాడు. ఇప్పుడు ఎవరి కాళ్ళు పట్టుకోను?

ఆ గూటిని ముక్కు దగ్గర ఎందుకు పెట్టుకున్నాడో నాకు చాలా ఆలస్యంగా తట్టింది. కుంకుడు వాసన. ముందు వాసన చూశాడు, ఆ తర్వాతే నన్ను అడిగాడు. తెలిసే అడిగాడు. నేను లేదన్నాను.

కడిగింది నేనే, భాయ్.