సొన వాసన

హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చే ఆ కార్ల ఎలక్ట్రీషియన్ కరెంటు చూసే మీటరు సంచిలోంచి తీసేముందు ప్రతి వైరునూ వాసన చూసేవాడు. ఎనభైల్లో మా నాన్న విశాఖలో పాతది కొన్న విదేశీ కారుకు గేర్లు వాటంతటవే మారేవి. ఒక వేసవిలో మాత్రం మారినప్పుడల్లా కారు గట్టిగా కుదిపేది. గేరుబాక్సు విప్పాల్సిందేనన్నారు నూజివీడు మెకానిక్కులు.

ఈ ఎలక్ట్రీషియన్ అది విప్పలేదు. ముందు సీటు దగ్గర మ్యాట్ ఎత్తి, గేర్లకు కరెంటు వెళ్ళే వైరు జాయింటును వాసన చూసి నవ్వాడు.

"మామిడికాయల బుట్ట ఇక్కడ పెడుతున్నారేంటండీ? సొన కారి జాయింటంతా తినేసింది."

"నేనేనండీ," అన్నాను. తోట నుంచి కాయలు తెచ్చేది నేనే.

"ఇకనుంచి డిక్కీలో పెట్టండి."

జాయింటు గీకి, టేపు చుట్టి, తన వేళ్ళు కూడా ఓసారి వాసన చూసుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి వేసవిలో, ఆయన్ని మళ్ళీ పిలిపించాలని, అప్పుడే కోసిన కాయల బుట్టను రోజూ అక్కడే పెట్టాను. సొనకి మ్యాట్ నల్లబడింది. కారు మాత్రం ఒక్కసారి కూడా కుదపలేదు.

అంత గట్టిగా ఎవరు చుట్టమన్నారు ఆయన్ని?