బొంత పుస్తకం

కోరికను మనసులో అనుకుంటే చాలదా, కాగితం మీద పెట్టడమెందుకు అనేవాళ్లతో పాతికేళ్లుగా వాదిస్తున్నాను. ఒక్కసారీ ఓడలేదు. మనసులో అనుకున్నది మానుకున్నా ఎవరికీ తెలియదు. మానుకునే వీలు కోసమే చాలామంది మనసులో అనుకుంటారు.

నేను కడపలో హైస్కూలు చదివే రోజుల్లో, కోర్టు గుమాస్తా అయిన మా నాయన ఒక పెద్ద ఖాళీ అట్టపుస్తకం తెచ్చిచ్చాడు. నా ఒక్కో కోరికకు అందులో ఒక్కో పుట కేటాయించాను. పైన ఆ కోరిక తాలూకు బొమ్మో, పత్రికలో కత్తిరించిన ముక్కో అంటించాలి. నెరవేరిన రోజు కింద రుజువు అంటించాలి. రుజువు లేనిదే పుట తిప్పి సంబరపడకూడదని నా చట్టం. ఒంటరిగా రైలెక్కి రాజంపేట పోవాలన్న పుటలో పైన రైళ్ల వేళల ముక్క, కింద అక్కడి మా పిన్ని పెరట్లోని తమలపాకు. ఇంగ్లీషు పత్రికను ఎవరినీ అడక్కుండా చదవాలన్న పుట నిండడానికి రెండేళ్లు పట్టింది. హార్మోనియం పుటలో రుజువు ఈనాటికీ లేదు. అది ఇరుగుపొరుగు వాళ్ల అదృష్టం.

ఆ అతుకులు చూసి, నాయన తల్లి, మా అవ్వ, దానికి బొంత పుస్తకమని పేరు పెట్టింది.

అన్నిటికన్నా ముఖ్యమైన పుట మద్రాసు కాలేజీది. పత్రికలో వచ్చిన ఆ మేడ బొమ్మ మూడేళ్లుగా కింద జాగా ఖాళీ పెట్టుకుని నన్ను చూస్తూ ఉండేది. పరీక్ష ప్యాసయ్యాను. ఇక దరఖాస్తు మీద నాయన సంతకమే తక్కువ. సరిగ్గా అప్పుడే అవ్వ నాకు రాజంపేట పిల్లవాడి సంబంధం తెచ్చింది. తల్లి మాట కాదనలేక, నా నోటికి బదులు చెప్పలేక నాయన వారం రోజులు కలం తుడుస్తూ కూర్చున్నాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున దేవుని పటం కింది గూట్లోంచి పుస్తకం తీస్తే చేతి నిండా మట్టి రాలింది. చెదలు. కాలేజీ మేడ సగం లేదు.

"సూసినావా? చెదలకు తెలిసింది నీకు తెలీకపాయె. ఆ సదువు నీకు రాసిపెట్టి లేదు మే" అంది అవ్వ.

నాయన శకునాలు నమ్మడు. వాళ్లమ్మ నమ్మే శకునాలంటే మాత్రం భయం. కలం పక్కన పెట్టేశాడు.

నేను ఏడవలేదు, గూడు దులిపాను. అడుగున పసుపు పూసిన మడత కాగితం ఒకటి దొరికింది. అదీ జల్లెడైంది.

"ఇదేంది అవ్వా?"

"అయ్యో, రాజంపేట పిల్లోని జాతకం! దేవుని కాడ ఉంటే మంచిదని నేనే ఆడ పెట్టినా."

"అట్లయితే ఆ పిల్లోడూ నాకు రాసిపెట్టి లేడు. నా మేడ సగమన్నా మిగిలుండాది. ఈయన ఆయుస్థానమే పోయిండాది, సూడు."

"నోర్మూయ్! బుద్ధి లేని పురుగులు, వాటికేం తెలుస్తాది?"

"నేనూ అదే అంటాండా!"

నాయన నవ్వును దగ్గులో దాచుకున్నాడు. దగ్గుతూనే సంతకం చేశాడు.

తప్పు విధిది కాదు, నాదని తర్వాత తెలిసింది. కోర్టు దస్త్రాలు కుట్టే సాయిబు పుస్తకం తిప్పి చూసి, దేనితో అంటించావని అడిగాడు. మిగిలిన సంగటిని గంజి చేసి పూశానన్నాను.

"కూడు పెట్టి పిలిస్తివి, వచ్చి తినిపాయె. వాటిదేం తప్పమ్మా?" అని, చింతగింజల జిగురులో పురుగు ముట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి ఇచ్చాడు. దానితో సగం మేడను సగంగానే మళ్లీ అంటించాను. చేర్చుకున్నామని కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరం దాని కింద చేరింది.

రాజంపేట వాళ్లు రెండో జాతకం రాయించి పంపే ఓపిక లేక వేరే పిల్లను చూసుకున్నారు. నేను పెట్టె సర్దుకుంటుండగా అవ్వ వాళ్ల శుభలేఖ తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"ఇదీ అంటించుకో నీ బొంతలో."

"ఏ పుటలో అవ్వా?"

అవ్వ పుస్తకం తీసి నాలుగు పుటలు తిప్పింది. "కాలేజీ పుట దగ్గర వద్దులే, దిష్టి తగుల్తాది. ఆ హార్మోనీ పుట ఎట్లాగూ నిండేది కాదు, దాంట్లో అంటించు."