బెంచీ చివరి కుర్రాడి వకీలు

ఆర్వల్ స్టెంపుల్‌కి ఒకటే జబ్బు. టాలీ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఏ కుర్రాడు బెంచీ చివర కూర్చుని మిగతావాళ్ల తువ్వాళ్లు మడతపెడుతుంటాడో, ఆ కుర్రాడే రేపటి మహావీరుడని ఆయన నమ్మకం. నమ్మితే నమ్మాడు, ఇంట్లో కూర్చుని నమ్ముకోవచ్చు. అలా కాదు. ఎదుటివాడు కూడా నమ్మేదాకా వాడి కాఫీ వాణ్ణి తాగనివ్వడు.

డెల్ఫా అనే ఆవిడ నడిపే హోటల్లో కాఫీ పోసే మార్లిస్ ఈ భాగవతమంతా రోజూ చూసేది. అమ్మ నడుము పడిపోయినప్పుడు చదువు మధ్యలో మానేసి ఈ పనిలో చేరిన పిల్ల. నోట్లోంచి మాట రాదు గానీ కంటికి తప్పేది ఏదీ లేదు. ఎవరి కప్పు ఎప్పుడు ఖాళీ అవుతుందో, ఎవరి కోపం ఎప్పుడు పొంగుతుందో ఆమెకి ముందే తెలిసిపోయేది. ఆర్వల్ నోరు తెరిచేసరికి ఆమె బర్డెట్ కూగెల్ ముందున్న వేడి కప్పుని కాస్త పక్కకి జరిపేది. బర్డెట్‌కి కోపం వస్తే బల్ల గుద్దే అలవాటు.

బర్డెట్ ఊళ్లో మంగలి. ఆయన మతం నక్షత్రాలు. హైస్కూలు కుర్రాళ్లు ఎవరు ఎంత బాగా ఆడతారో చూసి పెద్దవాళ్లెవరో నక్షత్రాలు ఇస్తారట. పెళ్లి సంబంధానికి జాతకాలు తిరగేసినట్టు బర్డెట్ ఏడాది పొడవునా ఆ నక్షత్రాలు తిరగేసేవాడు.

"ఈసారి మనకి నాలుగు నక్షత్రాల కుర్రాడు వస్తున్నాడు! ట్రేస్ హాలిబర్డ్! పెద్దపెద్ద కాలేజీలు కాళ్లావేళ్లా పడితే కాదని మన టాలీకి వస్తున్నాడు!" అని ఒకరోజు బర్డెట్ తలుపు దగ్గర్నుంచే కేకపెట్టాడు.

"నక్షత్రాలు చూసి ఆడించేటట్టయితే కోచ్ దేనికయ్యా? జ్యోతిష్కుణ్ణి పెట్టుకుంటే చవగ్గా పోతుంది," అన్నాడు ఆర్వల్.

"బెంచీ మీది నీ ఆన్సెల్ రూడ్‌కి ఎన్ని నక్షత్రాలో చెప్పు ముందు!"

"వాడికి ఇంకా తెల్లారలేదు."

"తెల్లారితే నక్షత్రాలు కనపడవయ్యా మగడా!"

"అదే కదా నేను చెప్పేది. అప్పుడు వాడొక్కడే కనపడతాడు!"

బల్ల మీద దెబ్బ పడింది. కప్పు అప్పటికే పక్కకి జరిగి ఉంది.

ఆర్వల్ దగ్గర అన్నిటికీ ఒకటే మంత్రం ఉండేది: "ఇంకా మంచు పడలేదు, అంతే." ఆ ఊరి చుట్టూ కొండల్లో పండే పర్సిమన్ పండు మంచు పడకముందు కొరికితే నాలుక పిడచకట్టుకుపోతుంది. మంచు పడ్డాక తేనె. "మంచు పడకముందే కొరికి, థూ అని ఉమ్మేసి, చెట్టు నరికేస్తారా ఎవరైనా?" అని అడిగేవాడు. బర్డెట్ మాత్రం, "నీ చెట్లకి మంచు పడదు, పిడుగు పడుతుంది," అనేవాడు.

పడింది కూడా. అంతకుముందు ఆయన వెనకేసుకొచ్చిన వీరుడు లోవెల్ పించ్. బంతి అతని చేతికొస్తే తడిసిన సబ్బులా జారిపోయేది. "చేతులు అంత మెత్తన," అని నాలుగేళ్లూ వాదించాడు ఆర్వల్. లోవెల్ ఒక్క ఆటలోనూ గట్టిగా ఆడకుండానే చదువు ముగించుకుని, ఆ తర్వాత పళ్ల డాక్టరయ్యాడు. ఓరోజు బర్డెట్ దవడ పట్టుకుని అతని దగ్గరికి పరిగెత్తాల్సి వచ్చింది. పన్ను పీకినట్టే తెలియలేదట. ఆ సంగతి తెలిశాక ఆర్వల్ వారం రోజులు హోటల్లో నేల మీద నడవలేదు. "చేతులు మెత్తనని నేను చెప్పలేదూ?"

ఇక ఆన్సెల్ రూడ్. నది అవతల కెంటకీ కొండల్లోంచి వచ్చిన కుర్రాడు. మోకాళ్లూ మోచేతులూ ఇంకెవరి దగ్గరో అరువు తెచ్చుకుని, తిరిగిచ్చేయాలన్న తొందరలో ఉన్నట్టు నడిచేవాడు. మొదటి ఏడాదంతా బెంచీయే. ఒకే ఒకసారి, రెండో సగం మొదలవుతూండగా, పెద్దవాడెవరికో మడమ బెణికితే కోచ్ ఇతన్ని పంపాడు. బంతి నేరుగా ఇతని చేతుల్లో పడింది. ఆన్సెల్ గుర్రంలా పరిగెత్తి, గాల్లోకి లేచి, రెండు చేతులతో బంతిని బుట్టలోకి కూరాడు. బుట్ట వెనక అద్దాలు గజగజలాడాయి.

మన బుట్టలోకే. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయన్న సంగతి ఆ తొందరలో మరిచిపోయాడు. ఆ రెండు పాయింట్లతోనే టాలీ ఓడింది.

టాలీ జట్టు పేరు కంచరగాడిదలు. ఆ పేరుకి ఊళ్లో ఎవరూ ఏనాడూ సిగ్గుపడలేదు. ఆ రాత్రి మాత్రం పడ్డారు.

సోమవారం సాయంత్రం ఊరు ఊరంతా డెల్ఫా హోటల్లోకి దిగింది. ప్రతి సోమవారం కోచ్ థర్మన్ అక్కడే కూర్చుని రేడియోలో మాట్లాడతాడు. జనం వరసకట్టి మైకులో ప్రశ్నలు అడుగుతారు. అది వాళ్లకి చర్చి తర్వాత చర్చి. ఆ వేళ జనం ప్రశ్నలు తేలేదు, కత్తులు తెచ్చారు. ఆన్సెల్ తోలు వలిచి ఆరేయాలని అందరి ముఖాల్లోనూ రాసి ఉంది. అయితే వరసలో మొదటివాడు ఎప్పట్లాగే ఆర్వల్. మైకు మీది ఎర్ర దీపం వైపే చూస్తూ మొదలుపెట్టాడు.

"కోచ్ గారూ, కెంటకీలో హికరీ గ్యాప్ నుంచి వచ్చిన ఆన్సెల్ రూడ్ గురించి నా ప్రశ్న."

"వాడిది ఏ ఊరో మాకు తెలుసు లేవయ్యా!" అని వెనకనుంచి అరిచారు. ప్రతివారం ఆయన అలాగే ఇంటిపేరు, ఊరుపేరు, రాష్ట్రంపేరు కలిపి పెళ్లిపత్రిక చదివినట్టు చదివేవాడు.

"శనివారం ఆన్సెల్ రూడ్ చేసినంత అందమైన పని ఈ ఏడు ఎవరైనా చేశారా? పరుగు సరిగ్గా ఉంది. గెంతు సరిగ్గా ఉంది. చేతులు సరిగ్గా ఉన్నాయి. దిక్కు ఒక్కటే తేడా. దిక్కు ఒక్క పూటలో నేర్పచ్చు. ఆ గెంతు నేర్పగలరా మీరు?"

హోటలు భగ్గుమంది. "దిక్కు ఒక్కటేనా?" అంటూ బర్డెట్ కుర్చీ ఎక్కాడు.

"మరేమిటి? మొదటి సగమంతా పిల్లాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి ఆ బుట్టే చూపించారు. వాడు గుర్తుపెట్టుకున్నాడు. అది మతిమరుపా? అది జ్ఞాపకశక్తి!"

ఆ మాటతో ఆన్సెల్ సంగతి అందరూ మరిచిపోయారు. గంటసేపూ ఆర్వల్‌నే తిట్టారు. ముసలాడికి మతిపోయిందన్నారు, అద్దాలు మార్చుకోమన్నారు, కంచరగాడిదల్లో అసలు గాడిద ఈయనేనన్నారు. ఆయన గవ్వలాట గెలిచిన పిల్లాడిలా మురిసిపోతూ 'క్రీమ్ పై' అనే మిఠాయి తింటూ కూర్చున్నాడు. మార్లిస్ అది చూసింది. అన్ని తిట్లు తింటూ అంత తృప్తిగా మిఠాయి తినే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

రెండో ఏడు ట్రేస్ హాలిబర్డ్ వచ్చాడు. బర్డెట్ నక్షత్రాలు అబద్ధం చెప్పలేదు. కుర్రాడు నిజంగానే బంగారం. ఆన్సెల్ బెంచీ చివరికి ఇంకో రెండు కుర్చీలు జరిగాడు. శీతాకాలం ముగిసే వేళకి బర్డెట్ ఒక కబురు మోసుకొచ్చాడు.

"నీ పర్సిమన్ రాలిపోతోందయ్యా ఆర్వల్. క్షవరానికి వచ్చినప్పుడు వాడే చెప్పాడు. వచ్చే శనివారం ఎల్‌బర్న్‌తో ఆట అయ్యాక సామాను సర్దుకుంటాడట. బాబాయి రంపపు మిల్లులో పని ఉందట. 'నేనిక్కడ ఉన్నా లేకపోయినా ఒకటే కదండీ' అన్నాడు."

బర్డెట్ ఆఖరి మాట చెప్పేటప్పుడు నవ్వలేదు. ఆర్వల్ కూడా మంత్రం చదవలేదు. అంతకుముందు ఆటలో, "ఆన్సెల్‌ని ఆటలోకి దింపండి!" అని అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయి ఉంది.

సోమవారానికి ఆ బొంగురు కూడా పోయింది. వరసలో మొదట నిలబడి, మైకు అందుకుని, నోరు తెరిచాడు. పాత తలుపు సందులోంచి గాలి వచ్చినట్టు ఒక ఈల వచ్చింది.

హోటల్లో పండగైపోయింది. "దేవుడున్నాడర్రా!" అన్నారెవరో. "ఈ వారం మనశ్శాంతి!" అన్నారు ఇంకెవరో. డెల్ఫా అయితే ఉచితంగా కాఫీ పొయ్యమంది. మార్లిస్ పోస్తూ ఆర్వల్ ముఖం చూసింది. అందులో ఓడిపోయిన ఉక్రోషం లేదు. భయం ఉంది. బిడ్డ చెయ్యి జనంలో జారిపోయిన మనిషికి ఉండే భయం.

ఆయన ఆమె ఆప్రాను కొస పట్టుకుని లాగాడు. ఆమె వంగింది.

"వాళ్లమ్మ," అని ఈల వేశాడు. "వింటూ ఉంటుంది."

"ఎవరమ్మండీ?"

"ఆన్సెల్ వాళ్లమ్మ. హికరీ గ్యాప్‌లో. నేను రొట్టెల బండి తోలే రోజుల్లో... అక్కడో కొట్లో చూశాను... ఇంకో బెంచీ కుర్రాడి తల్లిని. ఆటంతా రేడియో మీద చెయ్యేసి కూర్చుంది. వాడి పేరు... అందులో ఒక్కసారీ రాలేదు." ఊపిరి తీసుకున్నాడు. "వారానికి ఒక్కసారైనా... పిల్లాడి పేరు వినపడద్దూ? ఈ వారం అసలు... నువ్వడుగమ్మాయ్."

ఇంటిపేరూ ఊరుపేరూ కలిపి ఎందుకు చదివేవాడో, కోచ్ వైపు కాక ఆ మైకు మీది ఎర్ర దీపం వైపు ఎందుకు చూసేవాడో, ఊరంతా తిట్టేందుకు తన వీపు ఎందుకు అప్పగించేవాడో, అన్నీ ఒక్కసారిగా ఆమెకి అర్థమయ్యాయి. అర్థమైతే మాత్రం? ఆమె ఆ హోటల్లో ఏనాడూ 'ఇంకొంచెం పొయ్యమంటారా' కంటే పొడుగు మాట అనలేదు.

కెటిల్ చేతిలో పట్టుకునే మైకు అందుకుంది.

"కెంటకీలో హికరీ గ్యాప్ నుంచి వచ్చిన ఆన్సెల్ రూడ్ గురించండీ," అంది. "ఆయన..." ఆర్వల్ ప్రశ్న 'ఎప్పుడు ఆడిస్తారు' అన్నది. అది ఆమె నోటికి రాలేదు. ఆమెకి నిజంగా తెలుసుకోవాలనిపించింది వేరే ఉంది. "ఆయన ఆడనప్పుడు ఏం చేస్తాడండీ?"

ఎవరో నవ్వబోయి ఆగారు. కోచ్ థర్మన్ తన కప్పు పక్కకి పెట్టాడు.

"ఇది నన్ను ఎవరూ అడగలేదమ్మా," అన్నాడు. "వారమంతా ఆన్సెల్ శత్రువులా ఆడతాడు. వచ్చే శనివారం ఎదురయ్యే జట్టులో పెద్ద ఆటగాడెవరో, వాడి ఆటంతా టీవీలో చూసి నేర్చుకుని, మనవాళ్ల మీద వాడిలాగే ఆడి చూపిస్తాడు. ఎలా తిరుగుతాడు, ఎటు ఎగురుతాడు, అంతా. ట్రేస్ ఈ ఏడు ఎవరికీ భయపడలేదంటే, ప్రతివాణ్ణీ ముందే ఆన్సెల్‌లో చూశాడు కాబట్టి. ఇప్పటికి వాడు ఇరవైమంది మొనగాళ్లయ్యాడు. తనలా ఆడే వీలే నేను ఇవ్వలేదు." ఆగి, మైకు దగ్గరికి జరిగాడు. "ఈ మాట నేను వాడికి కూడా చెప్పలేదు. తప్పు నాది."

బర్డెట్ బల్ల గుద్దబోయి, ఎందుకో, నిమిరాడు.

శనివారం వచ్చింది. గొంతు బాగుపడేదాకా మైదానానికి వెళ్లద్దని డాక్టరు కట్టడి చేయడంతో ఆర్వల్ హోటల్లోనే టీవీ ముందు కూర్చున్నాడు. టిక్కెట్లు దొరకనివాళ్లంతా ఆయన చుట్టూ చేరారు. ఎల్‌బర్న్ జట్టులో క్విన్సీ అని ఒక కొండ ఉన్నాడు. ఆట ఇంకో అయిదు నిమిషాల్లో ముగుస్తుందనగా ట్రేస్‌కి అయిదో ఫౌల్ పడింది. కుర్రాడు బయటికి వచ్చేయాల్సిందే. బర్డెట్ తల పట్టుకున్నాడు. "అయిపోయింది. మూటాముల్లె సర్దుకోండి."

కోచ్ బెంచీ చివరిదాకా నడిచాడు.

"వాడా?" అన్నాడు బర్డెట్.

ఆర్వల్ కుర్చీ మీద లేచి నిలబడి ఈల వేశాడు. ఈసారి కావాలనే.

క్విన్సీ బంతి పట్టుకుని ఎడమకి తిరిగాడు. అక్కడ ఆన్సెల్ ముందే ఉన్నాడు. కుడికి తిరిగినట్టు నటించి వెనక్కి వాలాడు. అక్కడా ఆన్సెలే. సొంత నీడ ఎదురుతిరిగినట్టయింది పాపం ఆ కొండకి. వారమంతా క్విన్సీగా బతికిన కుర్రాడికి, క్విన్సీ తర్వాతి అడుగు క్విన్సీకంటే ముందే తెలుసు. బంతి లాక్కున్నాడు. ఇంకోసారి లాక్కున్నాడు. ఎల్‌బర్న్ వాళ్లకి బుట్ట కనపడకుండా పోయింది. చివర్లో టాలీ ఒక్క పాయింటు వెనకబడి ఉండగా, బంతి పట్టుకుని ఆన్సెల్ ఒంటరిగా పరుగెత్తాడు.

"ఏ బుట్టరా? ఏ బుట్ట?" అని హోటలంతా ఏకకంఠంతో అరిచింది.

సరైన బుట్టే. అద్దాలు గజగజలాడాయి. కంచరగాడిదలు గెలిచాయి.

డెల్ఫా ఏడ్చింది. బర్డెట్ మార్లిస్‌ని ఎత్తి గిరగిరా తిప్పాడు, కెటిల్‌తో సహా. గంటైనా తగ్గని ఆ గోలలో హోటల్ ఫోను మోగుతోందని గమనించింది ఆమె ఒక్కతే.

"హికరీ గ్యాప్ నుంచి మాట్లాడుతున్నానమ్మా," అంది అవతలి గొంతు. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "మావాడిప్పుడే మాట్లాడాడు. సామాను సర్దుకోడట. ఉంటాడట. ప్రతి సోమవారం అడిగే పెద్దాయన ఉన్నారా అక్కడ?"

"ఉన్నారండీ. గొంతు లేదు. తల ఊపుతున్నారు."

"నువ్వేనా మొన్న అడిగింది? ఎంత నెమ్మదిగా, ఎంత చక్కగా వినపడిందో. ఆయన మాట్లాడితే మా రేడియో అలమరలోంచి కిందపడిపోయేదమ్మా. అయినా ఆ గొంతు వినకపోతే మాకు సోమవారం సోమవారంలా ఉండేది కాదు."

మార్లిస్ ఆ మాటలన్నీ గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పింది. ఆర్వల్ చెవులు ఎర్రబడ్డాయి. అదంతా వాడి కాళ్ల పనితనం గురించే తప్ప వేరే ఏమీ లేదని చేతులతో నానా తంటాలూ పడి చెప్పబోయాడు. ఎవరూ నమ్మలేదు.

బర్డెట్ ఫోను లాక్కున్నాడు. "అమ్మా, నేను బర్డెట్ కూగెల్‌ని. మీవాడి క్షవరం నాదే. ఆ తల చూసిన మొదటిరోజే అనుకున్నాను, వీడు మామూలువాడు కాదని!"

"నేనూ అన్నాను!" అంది డెల్ఫా.

"అందరికంటే ముందు అన్నది నేను!" అని కిటికీ దగ్గరి బల్ల మీదనుంచి ఇంకొకరు.

హోటల్లో ఆన్సెల్‌ని మొదట్నుంచీ నమ్మనివాడు ఒక్కడూ మిగల్లేదు. కాదని చెప్పడానికి గొంతున్న మనిషి అసలే లేడు. ఆర్వల్ ఒక్కొక్కరినీ చూశాడు, నోరు తెరిచాడు, మూశాడు. చివరికి మాట్లాడుతున్న బర్డెట్ ముందునుంచి మిఠాయి పళ్లెం తనవైపు లాక్కుని తినడం మొదలుపెట్టాడు.

బర్డెట్ అది చూశాడు. ఫోన్లో గొప్పలు చెప్పుకుంటూనే, ఫోర్కు కూడా ఆయనవైపు జరిపాడు.