మోరీలో కుక్కిన సంచి

ఆ మధ్యాహ్నం గల్ఫ్‌లో, అజైబాలోని కంపెనీ బిల్డింగ్ మెట్ల దగ్గర ఉన్నవాళ్లు: కింది రూమ్‌లో ఉండే ఎనిమిది మంది, పికప్ డ్రైవర్, సైట్ ఇంజనీరునైన నేను. ఉన్న సామాను: తడిసిన పరుపులు, గ్యాస్ స్టౌ, డ్రైవరూ నేనూ తెచ్చిన బియ్యం, పప్పు, దుప్పట్లు, తాడుతో కట్టిన ఒక అట్టపెట్టె. పెట్టె అడుగు ఊడి పాలపొడి ముద్దగా కారుతోంది.

పొద్దున వాళ్లు డ్యూటీకి వెళ్లాక పెద్ద వాన కురిసింది. వీధి నీళ్లు రూమ్‌లోకి వచ్చి మోకాలెత్తున నిలిచాయి. బాత్రూమ్ మోరీలోంచి కొంతైనా పోవాలి, పోలేదు. చెయ్యి పెట్టి చూస్తే సిమెంటు సంచి చుట్టి కుక్కి ఉంది. స్నానాలయ్యాక బొద్దింకలు పైకి రాకుండా రోజూ దాన్ని కుక్కేది జగిత్యాల అతను. అతను నీళ్ల డ్రమ్ము వెనక ఒక్కడే కూర్చున్నాడు.

అట్టపెట్టె నిజామాబాద్ అతనిది. సెలవు మీద ఇంటికి వెళ్లడానికి కట్టుకున్నది.

"సార్, సంచి లేకపోతే నీళ్లు పోతుండెనా, పోకపోతుండెనా?" అని నన్ను అడిగాడు.

"కొన్ని పోయేవి. పెట్టె తడిసేదే. ఇంతగా మునిగేది కాదు."

అతను డ్రమ్ము వైపు తిరిగాడు. "ఇన్నవారా? బొద్దింకలకు భయపడి నా బిడ్డ సామానంత ముంచినవ్. ఇంకో రూమ్ చూస్కో. ఈడ పండితే మంచిగుండదు."

డ్రమ్ము వెనకతను లేచి తన బ్యాగు వెతుక్కోసాగాడు. ఎవరూ ఆపలేదు.

రూమ్‌లో అందరికన్నా పెద్ద, కడప నుంచి వచ్చిన చాచా, పరుపు పిండుతూ అన్నాడు: "సంచి పెట్టింది వాడే, కాదనను. బొద్దింకలు వాని మీదనే పాకుతాండెనా? వాడు కుక్కినాకనే గదప్పా మనమంతా నిమ్మళంగా పండుకునింది. ఒక్కరోజన్నా తీసెయ్‌రా అంటివా నువ్వు?"

నిజామాబాద్ అతను పెట్టె తాడు విప్పసాగాడు.

"ఈపొద్దు వంట వంతు ఎవురిది?" అని అడిగాడు చాచా.

"వాందే," అన్నారెవరో.

"అయితే యాడికి పోతాడు? రేయ్, బ్యాగు కింద పెట్టి బియ్యం కడుగు. ఆకలైతాంది."

ఆ రూమ్‌లో వంతు ఉన్నవాడు వండకుండా బయటికి పోకూడదు. జ్వరమొచ్చినా ఎవరితోనైనా మార్చుకుని పడుకోవాలి. జగిత్యాల అతను బ్యాగు కింద పెట్టాడు. తర్వాత స్టౌ తుడిచాడు.

డ్రైవరూ నేనూ పరుపులు మేడ మీదికి చేరవేసి ఎండలో పరిచాం. దిగేసరికి అన్నం, పప్పు అయ్యాయి. నిజామాబాద్ అతను అందరికన్నా చివర ప్లేటు తెచ్చుకుని, ఒక ముద్ద తిని, "ఉప్పు ఇంత ఏసినవేందిరా? ఇది పప్పా, సముద్రం నీళ్లా?" అన్నాడు.

"పెరుగేస్కో అన్నా," అన్నాడు వండినతను.

"నువ్వు గూడ తిను. నీకూ తెల్వాలె."

కడగడానికి వచ్చిన ప్లేట్లు పది.