బాయిల పోసిన ముడినూనె

పొద్దున ఎనిమిదింబావుకు నిజామాబాద్ బస్టాండ్‌ల బోధన్ బస్సెక్కిన. ఆధార్ చూపిస్తే కండక్టర్ ఆడోళ్లకిచ్చే జీరో టికెట్ ఇచ్చిండు. మీరు ఈ దారిల పోతే కిటికీ పక్కన కూసోండ్రి. చెరకు తగ్గింది గని, అక్కడక్కడ ఇంకా కనిపిస్తది.

"ఏడికి బిడ్డా?" అని పక్క సీటు అవ్వ అడిగింది.

"ఎడపల్లికి అవ్వా. గంగారాం అనే ఆయన ఇరాక్‌కు ఫోన్ చేస్తడట. ఆయనకు అరబ్బీ నాలుగు ముక్కలే వచ్చట. నాకు మంచిగ వస్తది, ఆయన మాటలు చెప్పిపెట్టుమన్నడు."

పదేండ్లు కువైట్‌ల ఇండ్ల పని చేస్తే వచ్చిన భాష అది.

తొమ్మిదింటికి దిగిన. యాభై ఏండ్ల గంగారాం స్టాపు కాడనే నిలబడ్డడు. హోటల్ల చాయ్ తాగుకుంట సంగతి చెప్పిండు. ఇరాక్ ఉత్తరాన ఒక పల్లెల గోధుమ చేన్లల్ల ట్రాక్టర్ నడిపేటోడు. యుద్ధంల ఆ ఊరిని పట్టుకున్న సైన్యం ఓడిపోయి వెనక్కి పోయేటప్పుడు, వెనక ఏదీ మిగలొద్దని చేన్లకు అగ్గి పెట్టింది. గొర్రెలను కాల్చి చంపింది. ఊరికున్న ఒక్క మంచినీళ్ల బాయిల పెట్రోలు తీసే ముడినూనె పోయించింది.

"మెడ మీద తుపాకి పెట్టి ట్యాంకర్ నడుపుమన్నరక్కా. నడిపిన. పైపు నా చేతులతోనే ఇడిసిన. ఆ రాత్రే ఊరిడిసి ఉరికిన. ఇంటికొచ్చినంక నా పెండ్లానికి సుత ఇది చెప్పలె."

పదకొండింటికి ఆయన ఇంట్ల వీడియో కాల్ కలిసింది. అటు దిక్కు ఉమ్మ్ యాసీన్ అనే ముసలామె. గంగారాం అప్పట్ల పని చేసి అన్నం తిన్నది ఆమె ఇంట్లనే. ఆయన తలొంచుకొని చెప్పిండు, నేను అరబ్బీల చెప్పిన. 'నేనే పోసిన' అని సుత నా నోటితోనే అన్న.



"నువ్వు పోసేది మేము మిద్దె మీదికెళ్లి చూసినం" అన్నదామె. "నీ మెడ మీద తుపాకి కూడ చూసినం. తర్వాత నీళ్లకు ఏటి దాంక పోవాల్సొచ్చింది. దారిల ఆ సైన్యమోళ్లు పాతిన మందుపాతర మీద నా కోడలు కాలేసింది. చచ్చిపోయింది. అది కూడ నీకు తెల్వాలె."

గంగారాం మొఖం మీద తువ్వాల కప్పుకున్నడు. "మాఫ్ చెయ్యుమను అక్కా."

"మాఫీ అడగాల్సింది నువ్వు కాదు" అన్నదామె.

"బాయి ఎట్లుందిప్పుడు?" అని గంగారాం అడిగిండు.

"పూడ్చేసినం. వాసన పోలె."

ఫోన్ పెట్టేసినంక చూస్తే, తలుపు కాడ ఆయన భార్య నిలబడి ఉన్నది. అంతా విన్నది. "గింత కడుపుల పెట్టుకొని ఎట్లున్నవయ్యా" అని పక్కన కూసున్నది. నాకు జొన్నరొట్టె, పప్పు పెట్టిండ్రు. నేను తిన్న, ఆయన ముట్టలె.

రెండున్నర బస్సుకు మళ్లిన. దారి పొంట నా కోపం తగ్గలె. ఓడినోళ్లు ఓడినట్టు పోవచ్చు గదా? ఊరోళ్లు తాగే నీళ్లు వాళ్లకేం అడ్డమొచ్చినయి? నీళ్లకు పోయిన ఆడమనిషి ఎవలతోని యుద్ధం చేసింది? నూనె పొయ్యుమని హుకుం ఇచ్చినోడు ఏడనో కడుపు నిండ తిని పండుకుంటుండొచ్చు, గంగారాంకు నిద్ర లేదు. ఆయనకు ఆమెతోని మాట్లాడనీకి నేను కావాల్సొచ్చింది. హుకుం ఇచ్చినోళ్లకు ఆమె భాష మంచిగొస్తది. వాళ్లల్ల ఒక్కడు సుత ఆమెకు ఫోన్ చెయ్యలె.